అంచు నుంచి తిన్న ఆకు

సోమవారం

ప్రియమైన సంచీకి,

నా గురించి ఒక పుకారు తిరుగుతోంది. ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది, పడకపోతే రేపు పడుతుంది. కాబట్టి ముందుగా దాన్ని సరిదిద్దుతాను. డెబ్బై ఎనిమిదో ఏట నేను కంప్యూటరు నేర్చుకోలేదు. పన్నెండు నెలలకు పన్నెండు మొక్కలు గీసి క్యాలెండరు వేయలేదు. నా చేతిని ఎవరికీ అమ్మలేదు, అద్దెకూ ఇవ్వలేదు.

ఈ పుకారుకు రెండు తలలు. మా మేనకోడలు ఫోను చేసి, ఈ వయసులో ఏమిటత్తా నీ హుషారు, మాకు ఒక్క ముక్క చెప్పలేదేం అని మురిసిపోయింది. ఒకప్పుడు నా దగ్గర గీత నేర్చుకుని, ఇప్పుడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసుకుని బతుకుతున్న మా కింది అంతస్తు ఆవిడ మాత్రం మెట్ల మీద ఎదురైనా తల తిప్పుకుంది. "ఆవిడే యంత్రానికి తన చెయ్యి అప్పగించాక ఇక మనబోటి వాళ్ళని పిలిచేదెవరు" అని తోటివాళ్ళతో అన్నదట. మురిసిన మేనకోడలి మీద నాకు చిరాకు వేసింది గాని, తల తిప్పుకున్న ఆవిడ మీద కోపం రాలేదు. నేను నిజంగా ఆ పని చేసి ఉంటే ఆమె చేసింది న్యాయమే.

క్యాలెండరును పళ్ళ డాక్టరు గదిలో చూశాను. నోరు తెరుచుకుని వాలి కూర్చున్న మనిషికి ఎదుటి గోడ తప్ప వేరే దిక్కు లేదు. గోడ మీద మార్చి నెల. నల్ల సిరాతో ఒక కొమ్మ, ఐదు ఆకులు, ఒక పువ్వు, పక్కనే విడిగా వేరు. నీడ పడ్డ వైపు ఎడమ నుంచి కిందికి దిగే పొట్టి గీతలు. అంచును తాకీ తాకకుండా ఆగిపోయిన ఈనెలు. నా చేతిని నేను పోల్చుకోలేనా? అయితే ఈ బొమ్మ వేసిన జ్ఞాపకం మాత్రం లేదు. డాక్టరు పన్ను మీద చెయ్యి వేసేలోపు మూడో ఆకు మీద చిల్లు కనిపించింది.

ఆ చిల్లు నాదే సంచీ. ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన వృక్షశాస్త్ర సంస్థలో చిత్రకారులు బొమ్మ మీద పేరు రాయకూడదనే నియమం ఉండేది, గుర్తుందా? మొక్క బొమ్మలో పురుగు తిన్న చిల్లెందుకమ్మా, లోపం లేని ఆకు వేయండి అని డైరెక్టరుగారు నన్ను నిలదీశారు. నా బల్ల మీదికి వచ్చిన ఆకుకు చిల్లుందండీ, లోపం లేని ఆకును నేను చూడలేదు, మీరు చూపిస్తే వేస్తాను అన్నాను. నువ్వు తలుపు వెనకాల నోట్లో కొంగు కుక్కుకుని నవ్వావు. ఆనాటి నుంచి ఉన్న చిల్లును ఉన్నచోటే వేస్తూ వచ్చాను. సంతకం పెట్టనివ్వని చోట అదే నా సంతకమైంది.

క్యాలెండరు అడుగున నా పేరు అచ్చయి ఉంది. పేరు పక్కన "శైలిలో" అన్న మాట. ఆ పక్కన, చీమ తలకాయంత అక్షరాలతో, ఏఐ అని.

కోపం రావాలి కదా. వచ్చింది కుతూహలం. డాక్టరును బతిమాలి మార్చి నెల కాగితం చింపించుకుని తెచ్చుకున్నాను. దీనితో జత చేస్తున్నాను. ఇది ఏ మొక్క? నువ్వు సంచిలో వేసుకొచ్చిన మొక్కలన్నీ నేను గీశాను. ఇది మాత్రం నాకు పరిచయం లేదు.

ఇంకొక్క ప్రశ్న. నా బొమ్మల అసలు ప్రతులు పదకొండు వందలు మీ ఊళ్ళో, సంస్థ మొక్కల గదిలో ఉన్నాయి. ఉద్యోగ విరమణ నాడు జ్ఞాపిక వద్దని, వాటి మీద హక్కు నాదేనని సంస్థ చేత కాగితం రాయించుకున్నాను. ఆ గది తాళం చెవి నీ దగ్గర ఉంది. ఈమధ్య వాటిని ఎవరైనా చూశారా?

కన్ను బాగానే ఉంది. పన్ను లేదు.

నీ
దొరసాని


ఆదివారం, నడుం నొప్పితో

ప్రియమైన దొరసానికి,

నువ్వు పంపిన కాగితాన్ని మూడు రోజులు భూతద్దం కింద పెట్టుకు కూర్చున్నాను. కోడలు వచ్చి, అత్తయ్యా, క్యాలెండర్లో తేదీ చూడ్డానికి అంత అద్దమా అంది. ఆ పిల్ల కూడా ఇదే క్యాలెండరు వంటింట్లో తగిలించిందే. "మీ స్నేహితురాలిదే కదా" అని గర్వంగా తెచ్చింది. నేను మళ్ళీ అద్దంలోకి తల దూర్చాను.

ఇది లోకంలో లేని మొక్క. కింది రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, పైకెళ్ళేసరికి ఒకటి విడిచి ఒకటి వచ్చాయి. ఏ కొమ్మా అలా మధ్యలో మనసు మార్చుకోదు. రేకులు ఐదు, కేసరాలు ఏడు, అందులో ఒకటి రేకు వీపున మొలిచింది. వేరేమో గడ్డి జాతిది. మొత్తానికి ఇది మొక్క కాదే, కలగూరగంప. పరీక్షలో పిల్లలెవరైనా ఇలా వేస్తే సున్నా పెట్టి, ఇంటికెళ్ళి తలుచుకుని నవ్వుకునేదాన్ని.

కాని ఆ గీత నీదే. చూస్తుంటే మన ముప్పై ఏళ్ళ వయసు గుర్తొచ్చింది, నువ్వు ఊపిరి బిగబట్టి ఈనె గీస్తుంటే నేను తుమ్ము ఆపుకోలేక బయటికి పరిగెత్తడం గుర్తొచ్చింది.

బొమ్మలను ఎవరు చూశారంటావా. రెండేళ్ళ కిందటి వానకి గది పైకప్పు కారింది, ఆ హడావిడిలో ఎవరెవరో వచ్చారు, పోయారు. బొమ్మలు భద్రంగానే ఉన్నాయి. మనకీ వయసులో ఈ గొడవలెందుకు చెప్పు. నలుగురూ నీ బొమ్మ అనుకుని గోడకి తగిలించుకుంటున్నారు. తగిలించుకోనీ.

అన్నట్టు ఒక కబురు. వచ్చే నెల పన్నెండున మొక్కల గదికి నా పేరు పెడుతున్నారట. బోర్డు చెక్కిస్తున్నారు. కోడలు నాకు కొత్త చెప్పులు కొనిపెట్టి, వాటితో ఇంట్లో నడవడం సాధన చేయిస్తోంది. నువ్వు రాకపోతే నేను వేదిక ఎక్కను.

పన్ను పోతే పోయింది, ఉన్నవాటితో నవ్వు.

నీ
సంచి


శుక్రవారం

ప్రియమైన సంచీకి,

నీకు పేరు పెడుతున్నందుకు నాకెంత సంతోషమో కాగితం మీద రాయను. రాస్తే నువ్వు దాన్ని కోడలికి చదివి వినిపిస్తావు.

గొడవలెందుకు అన్నావు. గొడవ కోసం కాదు, తెలుసుకోవడం కోసం వెళ్ళాను. మొదట మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. బొమ్మలు గీసే ఆ యంత్రాన్ని ఫోనులోనే తెరవవచ్చట. నేను చెబుతూ ఉంటే ఆమె టైపు చేసింది. నా శైలిలో ఒక ఆకు, చిల్లు లేకుండా, అని అడిగించాను. ఆకు వచ్చింది, చిల్లుతో వచ్చింది. చిల్లు వద్దు అని మళ్ళీ అడిగిస్తే రెండు చిల్లులు పెట్టింది. "అత్తా, దీనికి నీ మొండితనం కూడా పట్టుబడింది" అంది మేనకోడలు.

అప్పుడు పురుగును కూడా చూపించమన్నాను. గొంగళి పురుగును పువ్వు నడినెత్తిన పెట్టింది, నగ పెట్టినట్టు. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. చిల్లుకూ పురుగుకూ సంబంధం ఉందని దానికి తెలియదు సంచీ. అది వేసిన చిల్లులన్నీ నడి ఆకులో గుండ్రంగా, మూత పెట్టి కోసినట్టు ఉన్నాయి. మన గొంగళి పురుగు అంచు నుంచి మొదలుపెడుతుంది. అంచున కొద్దిగా కొరికి, ఎవరూ ఏమీ అనలేదని నిశ్చయించుకున్నాక లోపలికి వస్తుంది. ఆ మాట నాకు చెప్పింది నువ్వే.

న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక బొమ్మలో, విచ్చీ విచ్చని మొగ్గ మీద వెలుగు పడిన తీరు చూసి ఫోనును కంటికి దగ్గరగా తెచ్చుకున్నాను. ముప్పై ఐదేళ్ళ వయసులో నేను అలా వేయగలిగేదాన్ని. ఇప్పుడు వేయలేను, వేలు వణుకుతుంది. పోయిందనుకున్న నా చెయ్యి ఎవరి ఇంట్లోనో పనిచేస్తూ కనిపించినట్టు అయింది. దాన్ని అలా చాలాసేపు చూశాను.

మర్నాడు ఆ యంత్రాన్నీ క్యాలెండరునూ తయారుచేసిన కంపెనీ కార్యాలయానికి వెళ్ళాను. మూడో అంతస్తు, అంతా అద్దాలు, ఎవరి ముఖమూ ఎవరికీ దాగని గది. అనుమతులు చూసే అమ్మాయి మర్యాదస్తురాలు. కాగితపు గ్లాసులో మంచినీళ్ళిచ్చి, లేచి నిలబడి మాట్లాడింది.

నా బొమ్మలు వాడుకునే ముందు నన్ను అడగాలని మీకు తోచలేదా అన్నాను.

"అడిగాం కదమ్మా. మీరు సంతకం కూడా పెట్టారు."

ఎప్పుడు అంటే, రెండేళ్ళ కిందటి తేదీ ఒకటి చెప్పింది. ఆ రోజు నేను ఆసుపత్రిలో కంటికి కట్టు కట్టించుకుని పడుకున్నాను. ఆమె తెరను నా వైపు తిప్పింది. నాలుగు పేజీల ఒప్పందం, చివర నా సంతకం. చాలా చక్కగా ఉంది. నేనెన్నడూ అంత చక్కగా పెట్టలేదు. చివర ఒక చుక్క కూడా ఉంది. నేను చుక్క పెట్టను.

"మీదేనా అమ్మా?" అంది.

"ఆలోచించుకుని చెబుతాను" అన్నాను.

తన సంతకం తనదో కాదో చెప్పడానికి ఆలోచన దేనికని ఆ పిల్ల తెల్లబోయింది. చిత్రకారులు వద్దంటే మీరు ఏం చేస్తారని అడిగాను. పేరు తీసేస్తాం, బొమ్మలు తీసేస్తాం, తర్వాత తయారుచేసే యంత్రానికి వాటిని చూపించం అంది. మరి ఇప్పటి యంత్రం? "నేర్చుకున్నదాన్ని మరిపించలేమమ్మా" అంది, తలవంచుకుని. నిజం చెప్పినందుకు ఆ అమ్మాయి నాకు నచ్చింది.

సంచీ, నాకు చెప్పవలసినది ఏమైనా నీ దగ్గర ఉందా? ఉంటే నువ్వే చెప్పు. ఫోనులో వద్దు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను ఊరుకోబెడతాను, విషయం అక్కడే ఆగిపోతుంది.

నీ
దొరసాని


గురువారం

ప్రియమైన దొరసానీ,

ఆరు రోజులు నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకున్నాను. చుక్క అన్న మాట దగ్గరే అర్థమైపోయింది నీకు తెలిసిపోయిందని. అయినా నా నోటితో చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఆ సంతకం నేను పెట్టాను.

నీ కుడి చెయ్యి ఎప్పుడూ సిరాలో ఉండేది. గీత మధ్యలో లేవకూడదనేదానివి. పార్శిలు వచ్చినా, సెలవు చీటీ అయినా, గ్రంథాలయం పుస్తకమైనా, తల ఎత్తకుండా "నా బదులు నువ్వే గీకెయ్యవే" అనేదానివి. ఇరవై ఆరేళ్ళు గీకాను. నాది నీదిలో కలిసిపోకూడదని చివర చుక్క పెట్టేదాన్ని. నువ్వు ఎన్నడూ చూడలేదనుకున్నాను.

ఆ వానకి నలభై షీట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నేనూ, గది ఊడ్చే ఆవిడా కలిసి వాటిని విడదీసి నేల మీద ఆరబెట్టాం. నువ్వు చూసి ఉంటే నీ కన్నుతో పాటు గుండెకీ ఆపరేషన్ కావలసి వచ్చేది. అప్పుడు ఈ కంపెనీ మనిషి వచ్చాడు. పదకొండు వందలూ మచ్చ లేకుండా ఫోటో తీసి పెడతామన్నాడు. కాగితంలో చిత్రకారిణి సంతకం అని ఖాళీ ఉంది. నా చెయ్యి దానంతట అదే పోయింది.

ఇక్కడితో ఆపేస్తే నన్ను నువ్వు క్షమించేస్తావు. కాని ఆపను. మూడో పేజీ చదివాను. యంత్రం వీటి నుంచి నేర్చుకోవచ్చు అని ఉంది. అంటే ఏమిటి బాబూ అని అడిగితే, "అంటే ఈ చెయ్యి పోకుండా ఉంటుందండీ" అన్నాడు. నేను ఆ మాట దగ్గర పడిపోయానే. నీ వేలు వణకడం మొదలైన ఏడాది అది. నువ్వు బ్రష్షు పక్కన పెట్టి, కిటికీలోంచి చూస్తూ, ఇక చాలులే అన్న రోజు నేను అక్కడే ఉన్నాను. నిన్ను అడిగితే వద్దంటావని తెలుసు. తెలుసు గనకే అడగలేదు. పురుగు అంచు నుంచి మొదలుపెడుతుందని నీకు చెప్పింది నేనే. నేనూ పార్శిలుతో మొదలుపెట్టి ఇక్కడి దాకా వచ్చాను.

ఇప్పుడు ఒకటి అడుగుతాను, సిగ్గు విడిచి. ఆ అమ్మాయి మళ్ళీ అడిగితే "నాదే" అని చెప్పు. నువ్వు కాదంటే మరి ఎవరిదంటారు. సంస్థకి ఉత్తరం వస్తుంది. పన్నెండో తారీఖున చెక్కిన బోర్డు మీద ఉండేది దొంగ సంతకం పెట్టిన మనిషి పేరవుతుంది. నాకు ఆ పేరు కావాలే. నలభై ఏళ్ళు అడవులన్నీ తిరిగి, నడుం విరగ్గొట్టుకుని ఒక్కొక్క మొక్కా తెచ్చాను, నా పేరు ఎక్కడా లేదు. నీకు కనీసం చిల్లైనా ఉంది.

అయినా నీ ఇష్టం. నువ్వు ఏది చెప్పినా నిన్ను తప్పు పట్టను.

సంచి


బుధవారం

ప్రియమైన సంచీకి,

నీ ఉత్తరం నిన్న అందింది. నిన్ను ఆరు రోజులు దిండు మీద నిద్ర లేకుండా చేసినందుకు చింతిస్తున్నాను. ఎందుకంటే, నువ్వు అడిగినదానికి జవాబు అప్పటికే వెళ్ళిపోయింది. గత ఉత్తరం నీకు వేసిన రోజునే, అదే పోస్టు డబ్బాలో, కంపెనీకి కూడా ఒక ఉత్తరం వేశాను. నువ్వేం చెబుతావో విని నిర్ణయించుకోవాలని నిన్ను అడగలేదు. నువ్వు చెప్పాలని అడిగాను. చెప్పావు. మూడో పేజీతో సహా చెప్పావు.

చుక్కను నేను మొదటి ఏడాదే చూశాను. నా అక్షరాల పక్కన నీ ఆకారంలా కూర్చునేది, చిన్నగా, గుండ్రంగా. కార్యాలయంలో ఆ తెర మీద దాన్ని చూడగానే ముందు నవ్వొచ్చింది. నవ్వు మెట్లు దిగే దాకా నిలిచింది. వీధిలోకి వచ్చాక కోపం వచ్చింది. ఇంటికి వచ్చి మూడు పెన్సిళ్ళు పూర్తిగా, మొదలంటా చెక్కేశాను, దేన్నీ గీయడానికి కాదు. కోపం లేదని నీకు అబద్ధం చెప్పను. ఆ రోజు కట్టు కట్టింది నా కంటికి గాని, చెవికి కాదు. ఆసుపత్రికి వచ్చి అడగవలసింది. వద్దనేదాన్ని, నువ్వు అలిగేదానివి, రెండు నెలలు మాట్లాడుకోకుండా ఉండేవాళ్ళం. అలాంటివి మనకు కొత్త కాదు.

కంపెనీకి రాసినది ఇది. నకలు ఉంచుకున్నాను.

"మీ దగ్గర ఉన్న సంతకం నా చేత్తో పెట్టినది కాదు. నా బదులు సంతకం పెట్టే అనుమతి ఒకరికి నేను చాలా ఏళ్ళ కిందట నోటిమాటగా ఇచ్చాను. దానికి హద్దు చెప్పని తప్పు నాది. కాబట్టి ఆ సంతకం మీద నాకు ఫిర్యాదు లేదు. ఎవరినీ విచారించవద్దు. ఆ అనుమతిని ఈ రోజుతో వెనక్కి తీసుకుంటున్నాను. నా బొమ్మల నుంచి మీ యంత్రం ఇక నేర్చుకోరాదు. నా పేరును ఏ బొమ్మ కిందా వేయరాదు. ఎప్పుడైనా మళ్ళీ అడగదలిస్తే నన్నే అడగండి. నా జవాబు వద్దనే ఉంటుంది. అయినా అడగడం మీ విధి."

నీ పేరు అందులో రాయలేదు. రాయాలంటే ముందు నిన్ను అడగాలి. అడగకుండా రాస్తే వాళ్ళకూ నాకూ తేడా ఏముంది?

"నాదే" అనమన్నావు. అనలేను సంచీ. ఆ మాటతో నువ్వు బయటపడతావు, నిజమే. కాని కింది అంతస్తు ఆవిడ బల్ల మీద పని లేకుండా పోతుంది. రేపు ఆమెను కూడా అడగరు, పెద్దావిడే ఒప్పుకుంది కదా అంటారు. నిన్న ఆమె తలుపు తట్టి నకలు చూపించాను. గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివింది. "మెట్ల మీద తల తిప్పుకున్నాను, ఏమనుకోకండి అమ్మా" అంది. అది అనవసరం, ముందు నన్ను కూర్చోమను, మోకాళ్ళు నొప్పి అన్నాను.

కంపెనీ అమ్మాయి దగ్గర నుంచి ఈ ఉదయం జవాబు వచ్చింది. క్యాలెండరు అమ్మకం ఆపేశారు. నా పేరు తీసేశారు. బొమ్మలు తీసేశారు. సంస్థకు ఉత్తరం రాయలేదని, రాయబోమని చివర చేత్తో రాసింది. యంత్రం నేర్చుకున్నది మాత్రం దాని దగ్గరే ఉంటుంది. అది నాకు తెలిసే రాశాను. నా చెయ్యి పోకుండా ఉండాలని నువ్వు కోరుకున్నావు. ఆ కోరికకు నేను అలగను. కాని వణుకుతున్నా సరే, ఎప్పుడు ఆగాలో చెప్పే హక్కు ఉన్న చెయ్యి నాకు కావాలి.

నీకు కనీసం చిల్లైనా ఉంది అన్నావు. ఆ మాట ముల్లులా దిగింది. ఆ పదకొండు వందల ఆకుల్లో ఒక్కటీ నేను కోసినది కాదు. నా సంతకం అనుకున్న చిల్లు నువ్వు ఏరి తెచ్చిన ఆకు మీద ఉంది. ఇన్నేళ్ళూ నాకు ఇది తట్టనే లేదు. నా పేరు వేయలేదని సంస్థతో పోరాడినదాన్ని, నీ పేరు గురించి నోరెత్తలేదు. ఆ విషయంలో నువ్వు కూడా నన్ను తప్పు పట్టవచ్చు.

మరొకటి కూడా ఉంది. మొగ్గ మీద ఆ వెలుగు నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. యంత్రం దాన్ని ఎక్కడి నుంచో తెచ్చింది. ఆ పదకొండు వందల్లో ఏదో ఒక షీటు మీద నేను దాన్ని వేసే ఉంటాను. ఏ మొక్కో, ఏ సంవత్సరమో గుర్తు రావడం లేదు. దాన్ని నా కళ్ళతో వెతకాలి.

అందుకని టికెట్టు కొన్నాను. పదకొండున బయలుదేరి పన్నెండు ఉదయం దిగుతాను. నువ్వు కొత్త చెప్పులతో వేదిక ఎక్కుతూ ఉంటే ముందు వరుసలో కూర్చుంటాను. నువ్వు తడబడితే నవ్వుతాను. ఆ మర్నాటి నుంచి, నీ పేరున్న ఆ గదిలో, ఒక్కొక్క షీటు వెనకా నా పేరు నేనే రాస్తాను. దాని కింద, మొక్కను తెచ్చినది ఫలానా అని ఒక వరుస ఖాళీ వదులుతాను. ఆ వరుస నీ చేత్తో నువ్వు రాయాలి, నీ సొంత సంతకంతో, చుక్క లేకుండా. రోజుకు ముప్పై షీట్ల కంటే నా వేలు ఒప్పుకోదు. అంటే నెల పైమాటే. నీ కోడలికి ముందే చెప్పి ఉంచు.

పెన్ను నాది నేను తెచ్చుకుంటున్నాను. అద్దుడు కాగితం నువ్వు పట్టుకో.

నీ
దొరసాని